పిల్లుల కొలువు

ఎర్రయ్య ముకద్దం పొలంలో నోరు తెరిస్తే సాలూర దారిన పోయే బస్సు డ్రైవర్ తనని ఆపమన్నారేమో అనుకొని బ్రేకు వేస్తాడని శారమ్మ అంటుంది. ఆమె ఆయన భార్య కాబట్టి కొంచెం తగ్గించే చెప్పి ఉంటుంది. చెరుకు కొట్టే ముఠాకు పెద్దని మా వైపు ముకద్దం అంటారు. ఎర్రయ్య కింద ఇరవై రెండు కత్తులుండేవి, అంటే ఇరవై రెండు మంది కూలీలు. ఆయన మాత్రం కత్తి వదిలి పదిహేనేళ్లు దాటింది. తువ్వాల తలకు చుట్టుకొని పొలం ఒడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ, ఎవరు ఎక్కడ తప్పు కొడుతున్నారో చెప్పడమే ఆయన పని. ఆ పనిలో ఆయనకు అలుపనేది లేదు.

ఆయన గర్వమంతా ఇన్‌స్పెక్షన్ల మీద ఉండేది. చక్కెర ఫ్యాక్టరీ నుంచి ఫీల్డ్‌మన్ మోటారు సైకిల్ మీద వస్తున్నాడని తెలిస్తే చాలు, పొలం పెళ్లివారిల్లయ్యేది. మోడు నేలబారున తెగి ఉండాలి. మోపులన్నీ ఒక్క తీరుగా ఒకే వైపు తల పెట్టి పడుకోవాలి. ఆసామి ఇంటి నుంచి కుర్చీ రావాలి. చెంబుతో చల్లని నీళ్లుండాలి. ముప్పై ఏళ్లలో ఎర్రయ్య పొలంలో తప్పు పట్టిన అధికారి ఒక్కడూ లేడు. టక్కు చేసుకున్న అంగీతో, చేతిలో చిన్న డైరీతో ఒడ్డు మీద నిలబడే ఆ ఫీల్డ్‌మన్‌ని చూసినప్పుడల్లా తన కొడుకు దేవదాస్ అట్లా నిలబడితే ఎట్లుంటుందో ఆయన ఊహించుకునేవాడు. ఊహలో దేవదాస్‌కి చలువ కళ్లద్దాలు కూడా ఉండేవి.

దేవదాస్ హైదరాబాద్‌లో జువాలజీలో ఎమ్మెస్సీ చేశాడు. తొంభై ఆరో సంవత్సరం వానాకాలంలో ఒక కవరు పట్టుకొని ఇంటికి వచ్చాడు.

"కొలువొచ్చిందా కొడుకా?" అన్నాడు ఎర్రయ్య.

"కొలువు కాదు బాపు, ఫెలోషిప్పు. పూణేల ఒక సంస్థ ఇస్తది. అడివి జంతువులను కాపాడే పని నేర్సుకోవాలనుకునే సదువుకున్నోళ్లకు. నెలకు రెండు వేల రెండొందలు."

"మంచిదే. ఏం పని జెయ్యాలె?"

"మన చెరుకు తోటలల్ల అడివిపిల్లులు ఎట్ల బతుకుతున్నయో సూసి రాయాలె."

మిగతా సగం చెబుతాడేమోనని ఎర్రయ్య కాసేపు ఎదురుచూశాడు. మిగతా సగం ఏదీ లేదు.

"సూసి, పట్టుకోవాల్నా?"

"లేదు బాపు. ముట్టొద్దు గూడ."

"గదే? సూసుడు, రాసుడు?"

"గదే."

"పిల్లి గిట్ల ఏమన్న దరఖాస్తు పెట్టుకున్నదా, నన్ను సూడండ్రి అని?"

శారమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవదాస్ మాత్రం నవ్వలేదు. మొదటి ఏడాది పని చూసి బాగుంటే రెండో ఏడు కూడా ఇస్తారనీ, రెండేళ్లూ నిలబడితే ఆ సంస్థలోనే పరిశోధనకు తీసుకుంటారనీ, ఇక తన బతుకంతా ఇదే పనిలో ఉంటుందనీ నెమ్మదిగా చెప్పాడు. తండ్రీకొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. రెండో ఏడు రాకపోతే దేవదాస్ మారు మాట్లాడకుండా ఫీల్డ్‌మన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి. ఎర్రయ్య వెంటనే ఒప్పేసుకున్నాడు. ఒక పిచ్చి పనికి రెండుసార్లు డబ్బులిచ్చే సంస్థ భూమ్మీద ఉండదని ఆయన నమ్మకం.

అప్పటి నుంచి దేవదాస్ తెల్లారకముందే సైకిల్ మీద తోటలకు పోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు చిన్న చిన్న కాగితం పొట్లాలు తెచ్చేవాడు. పిల్లి ఏం తిన్నదో తెలియాలంటే పిల్లి పెంట చూడాలట. వాటి మీద తేదీ, చోటు రాసి ఇంటి కప్పు మీద ఆరబెట్టేవాడు. అదే కప్పు మీద మరో మూల శారమ్మ మిరపకాయలు ఆరబెట్టుకునేది. రెండు మూలల మధ్య ఇటుకలు పేర్చి ఒక సరిహద్దు ఏర్పాటు చేసింది. ఎండిన పెంటను కడిగి, వడగట్టి, అందులోంచి ఎలుక వెంట్రుకలు, ఎలుక పళ్లు వేరుచేసి దేవదాస్ తండ్రికి చూపించేవాడు.

"సూడు బాపు, ఒక్క పిల్లి పొద్దుకు మూడు నాలుగు ఎలుకలను తింటది. ఆ ఎలుకలే గదా మన చెరుకు కొరికేది."

"ఎమ్మెస్సీ సదివింది గిందుకా కొడుకా? పిల్లికి పళ్లెన్ని ఉన్నయో తెల్సుకుంటె ఆసామి మోపుకింత ఎక్కువిస్తడా?"

ఇంట్లో ఎర్రయ్య ఇట్లా ఆడుకునేవాడు గానీ బయట ఎవర్నీ ఆడుకోనిచ్చేవాడు కాదు. ముఠాలో అందరికంటే గట్టి చెయ్యి పోశయ్యది, అందరికంటే గట్టి నోరు కూడా అతనిదే. బోధన్‌లో చాయ్ హోటల్ దగ్గర ఒకసారి, "ముకద్దం, మీవోనికి పిల్లులు జీతం టైముకిస్తున్నయా?" అన్నాడు. ఎర్రయ్య కప్పు కింద పెట్టి, "మావోనికి పిల్లులన్న ఇస్తున్నయి. మీవోనికి కుక్క గూడ ఇయ్యకపాయె" అన్నాడు. 

ఇక్కడ ఆఖరి సాళ్ల సంగతి చెప్పాలి. తోటను ఒక వైపు నుంచి కొట్టుకుంటూ పోతే అందులో తలదాచుకున్న ప్రాణులన్నీ వెనక్కి వెనక్కి జరుగుతూ, చివరికి మిగిలిన నాలుగైదు సాళ్లలోకి చేరతాయి. కుందేళ్లు, కౌజు పిట్టలు, ఎప్పుడైనా ఒక పంది. అప్పుడు ముఠా కత్తులు దించి చుట్టూ వలలు కట్టి, కుక్కల్ని లోపలికి వదులుతుంది. దొరికింది దొరికినట్టు కూలీలదే. ఆసామికి అందులో వాటా లేదు. సీజన్‌లో ఆఖరి తోట, ఆఖరి సాళ్లంటే మరీ పెద్ద పండుగ. ఆ రోజు కూర కోసం కొందరు నెల ముందు నుంచే మసాలా గురించి మాట్లాడుకునేవారు. ఆ గందరగోళంలో అడవిపిల్లి పిల్లలు కూడా చచ్చిపోయేవి. వాటిని ఎవరూ తినరు, ఎవరూ లెక్క చేయరు. కాళ్ల కింద పడో, కుక్కల నోట పడో పోయేవి. ఆ సాళ్లను ఒక్క రాత్రి కొట్టకుండా వదిలేస్తే తల్లి తన పిల్లల్ని పక్క తోటలోకి మోసుకుపోతుందని దేవదాస్ అనుకుంటున్నాడు. అనుకుంటే సరిపోదు, రుజువు కావాలి.

ఆ ఏడాది సీజన్‌లో ఆఖరి తోట సిద్దిరాములు పటేల్‌ది, ఏడెకరాలు. దేవదాస్ ఎనిమిది నెలలుగా వెంబడిస్తున్న పిల్లి అందులోనే ఉంది. దాని కుడి చెవి కొస చిరిగి ఉంటుంది. మార్చిలో పడమటి సాళ్లలో మూడు పిల్లల్ని పెట్టింది. తూర్పు నుంచి కొట్టుకుంటూ వచ్చి ఆఖరి సాళ్లను ఒక రాత్రి వదలమని కొడుకు అడిగితే, ఎర్రయ్య "సూద్దాం తియ్యి" అన్నాడు. ఎర్రయ్య నోట సూద్దామంటే కాదనే అర్థం.

అంతలో పూణే సంస్థ నుంచి ఆత్మారాం అనే పెద్దాయన వస్తున్నాడని కార్డు వచ్చింది. పని కళ్లారా చూసి, రెండో ఏడు ఇవ్వాలో వద్దో రాసేది ఆయనే.

"ఎప్పుడు?" అన్నాడు ఎర్రయ్య అన్నం కలుపుతూ.

"రేపు పొద్దుగాల బస్సుకు. నాందేడ్ నుంచి వస్తడు."

ఎర్రయ్య సంతోషించాల్సిన మాట అది. ఆయన ఏమీ చేయకుండా కూర్చున్నా చాలు, పగటి పూట పిల్లి ఎవరికీ కనబడదు, పెద్దాయన తోట చూసి వెళ్లిపోతాడు, ఎండాకాలానికల్లా కొడుకు మోటారు సైకిల్ మీద ఉంటాడు. కానీ ఎర్రయ్యకు ముద్ద దిగలేదు. ఎదురుగా దేవదాస్ ఒకే అంగీని రెండోసారి ఇస్త్రీ చేస్తున్నాడు. పెట్టె చల్లారిపోయిన సంగతి కూడా వాడికి తెలియడం లేదు. ఇన్‌స్పెక్షన్ జరగబోయేది తన పొలంలో, జరగబోయేది తన కొడుక్కి. తన పొలంలో తన కొడుకు ఫెయిలైతే ఈ ముప్పై ఏళ్ల పేరు ఏం కాను? వచ్చినాయనకు సరుకు చూపించకుండా ఎవరైనా పాసవుతారా?

మర్నాడు దేవదాస్ బోధన్ బస్టాండుకు పోగానే ఎర్రయ్య రంగంలోకి దిగాడు. పోశయ్యను తోడు తీసుకొని పడమటి సాళ్లలోకి పాకుతూ పోయాడు. తల్లిపిల్లి బుస్సుమని ఒక్క గెంతు గెంతి పోశయ్య కాళ్ల మధ్య నుంచి తప్పించుకుపోయింది. పిల్లలు మూడూ దొరికాయి. అప్పుడే సద్ది తీసుకొని వచ్చిన శారమ్మ వాటి మొహాలు చూసి నొచ్చుకుంది.

"గింత మన్నుతోటి దొర ముందర పెడతవా? కొడుకు ఇజ్జత్ పోదా?" అని, సద్ది అక్కడే దించి ఇంటికి పోయింది. ఆదివారం చర్చికి పోయేటప్పుడు మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చింది. తడి గుడ్డతో మూడింటినీ తుడిచి, మొహానికి, మెడకు, చంకల కింద శ్రద్ధగా పౌడరు రాసింది. ఒకటి ఆమె వేలు కొరికింది. "మా దేవదాసు గిట్లనే కొరికేటోడు" అని మురిసిపోయింది.

పది గంటలకు దేవదాస్ పెద్దాయనను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆత్మారాం సన్నగా, పొట్టిగా, గుడ్డ బూట్లతో ఉన్నాడు. మరాఠీ ఆయన. ఎర్రయ్య ముఠా మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లలో పని చేసిందే కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. ఒడ్డు మీద కుర్చీ ఉంది. దాని మీద ఉతికిన తువ్వాల ఉంది. చెంబులో నీళ్లున్నాయి. మోపులన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి. కుర్చీ ముందు బోర్లించిన గంప ఉంది, దాని మీద రాయి ఉంది. ఎర్రయ్య దండం పెట్టి, రాయి తీసి, ఫ్యాక్టరీ మేనేజరుకు కూడా ఎన్నడూ చేయనంత మర్యాదగా గంప ఎత్తాడు.

మూడు పిల్లలు తెల్లటి మొహాలతో ఎండకు కళ్లు చికిలించి చూశాయి.

ఆత్మారాం వంగి చాలాసేపు చూశాడు. తరువాత వాసన చూశాడు. ఇదేం పౌడరు అని మరాఠీలో అడిగాడు. మెచ్చుకుంటున్నాడనుకొని శారమ్మ డబ్బానే తెచ్చి చూపించింది.

దేవదాస్ వెనక్కి తిరిగాడు. పోయి ఒడ్డు మీద కూర్చున్నాడు. ఎర్రయ్యకు కొడుకు కోపం తెలుసు, ఇట్లా తిరిగి పోవడం తెలియదు. దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఏమైంది కొడుకా? సారు ఏం సూడకుండ పోవద్దని..."

"ఎనిమిది నెలలాయె బాపు. నేను వాటిని ఒక్కసారి గూడ ముట్టలే."

ఆ మాట మెల్లగానే వచ్చింది. ఎర్రయ్య తలకు చుట్టిన తువ్వాల విప్పి చేతిలో పట్టుకున్నాడు.

ఆత్మారాం కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఎర్రయ్యకు కొంత ఊరటగా ఉండేది. తల్లి రాకపోతే ఈ మూడూ రెండు రోజులకంటే ఎక్కువ బతకవని, మనుషులుంటే తల్లి రాదని, వచ్చినా ఈ వాసనకు తన పిల్లల్ని తాను గుర్తుపడుతుందో లేదో అని ఆయన చెప్పాడు. తనకు సాయంత్రం ఆరింటికి బస్సుందని, అప్పటిదాకా ఏం చూస్తే అదే రాస్తానని కూడా చెప్పాడు. ముప్పై ఏళ్లలో ఎర్రయ్య పొలంలో మొదటిసారి తప్పు దొరికింది. అది కూడా కొడుకు ఇన్‌స్పెక్షన్‌లో దొరికింది, కొడుకు తప్పు కూడా కాదు.

దేవదాస్ లేచాడు. సాళ్ల లోపలి మన్ను, ఎండుటాకు తెచ్చి పిల్లల ఒంటికి రుద్దడం మొదలుపెట్టాడు. "ఇప్పుడే తుడిస్తి గదరా, మళ్ల మన్ను పూస్తున్నవా" అంది శారమ్మ. అంతలోనే సంగతి అర్థమై, తన చీర కొంగుతోనే పౌడరు తుడవసాగింది. పిల్లల్ని తీసిన చోటనే పెట్టి వచ్చారు.

అప్పటికి మధ్యాహ్నమైంది. మిగిలినవి ఆ పడమటి సాళ్లే. ముఠా వలలు విప్పుతోంది, కుక్కలు తాళ్లు తెంచుకుంటున్నాయి. ఎర్రయ్య వాళ్ల మధ్యకు పోయి నిలబడ్డాడు.

"ఇయ్యాల వేట లేదు. కుక్కలను ఇంటికి తోలుకపోండ్రి."

"ఏందే ముకద్దం?" అన్నాడు పోశయ్య. "సీజనంత నీ మాట మీద కొట్టినం. ఆఖరి సాళ్లు మా హక్కు. పిల్లి పిల్లల కోసం ఇరవై రెండు మంది నోట్ల మన్ను కొడతవా?"

"హక్కే. కాదంటలేను."

"మరి?"

"అడుగుతున్న పోశయ్యా. హుకుం జేస్తలేను, అడుగుతున్న. తప్పు నాది. నా కొడుకు ఏడాది నా చేతులతోనే కరాబు జేసిన."

ఆయన గొంతు అంత తక్కువ స్థాయిలో అక్కడ ఎవరూ ఎన్నడూ వినలేదు. కొందరు కిందికి చూశారు. పోశయ్య తన కుక్కను మెడపట్టి లాగి, "అడిగినవు కాబట్టి పోతున్న. మళ్ల సీజన్‌కు నన్ను పిలువకు" అని వెళ్లిపోయాడు. ఒకరి వెనుక ఒకరు మిగతా వాళ్లూ వలలు చుట్టుకున్నారు.

ఎర్రయ్య, దేవదాస్, ఆత్మారాం దూరంగా మోపుల చాటున కూర్చున్నారు. చర్చిలో ప్రార్థన ముగిసేదాకా కూడా నోరు మూసుకోలేని ఎర్రయ్య నాలుగు గంటలు మాట్లాడలేదు. ఒకసారి దగ్గొస్తే తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. పెద్దాయన బైనాక్యులర్స్‌తో చూస్తున్నాడు, దేవదాస్ డైరీ తెరిచి పెట్టుకొని చూస్తున్నాడు. ఇద్దరికంటే ముందు కనిపెట్టింది ఎర్రయ్య. చెరుకు ఆకు గాలికి ఊగడం వేరు, లోపల ప్రాణి కదిలితే ఊగడం వేరు. ముప్పై ఏళ్లుగా దాన్ని చూస్తున్నవాడు ఆయన. అరవకూడదు కాబట్టి కొడుకు తొడ గట్టిగా గిల్లాడు.

చిరిగిన చెవి బయటికి వచ్చింది. పిల్లి అటూ ఇటూ చూసింది, లోపలికి పోయింది. కాసేపటికి లోపలి నుంచి తుమ్ము వినిపించింది. ఇంకో తుమ్ము. శారమ్మ కొంగు పౌడరును పూర్తిగా తుడవలేకపోయింది. దేవదాస్ కళ్లు మూసుకున్నాడు. ఆకులు మళ్లీ ఊగాయి. తల్లి ఒక పిల్లను మెడపట్టి నోట కరచుకొని, బండ్ల బాట దాటి, ఇంకా కొట్టని పక్క తోటలోకి దూరింది. తిరిగి వచ్చి రెండోదాన్ని తీసుకుపోయింది. ఆ తరువాత రాలేదు.

ఐదున్నరయింది. ఆత్మారాం గడియారం చూసుకున్నాడు, లేవలేదు. ఆరు దాటింది. దూరంగా దారి మీద బస్సు పోయిన చప్పుడు వినబడింది. పొద్దు పడమర చెరుకు వెనక్కి దిగుతుండగా పిల్లి మూడోసారి వచ్చింది. అప్పుడు ఎర్రయ్యకు ఏడుపొచ్చింది. పిల్లిని చూసి కాదు. పక్కన కూర్చున్న కొడుకు అప్పటిదాకా బిగపట్టిన ఊపిరి వదిలిన చప్పుడు విని.

బస్సు పోయింది కాబట్టి పెద్దాయన ఆ పూట వాళ్లింట్లోనే తిన్నాడు. తిన్నాక అన్నీ రాసుకున్నాడు. పౌడరు సంగతి రాయొద్దని శారమ్మ రెండుసార్లు బతిమాలింది. ఆయన అదీ రాశాడు, ఆమె చేతి పప్పు బాగుందని కూడా రాశాడట.

మే నెలలో ఉత్తరం వచ్చింది. దేవదాస్ అరుగు మీద కూర్చొని చదివి వినిపించాడు. రెండో ఏడు ఇస్తారు, ఒక షరతు ఉంది. వచ్చే సీజన్‌లో ఈ ముఠా కొట్టే పది తోటల్లో ఆఖరి సాళ్లను ఒక రాత్రి వదిలేసి, ఏ జంతువు ఎటు పోయిందో రాయాలి. అందుకు ముకద్దం ఒప్పుకొని కాగితం మీద వేలిముద్ర వేయాలి.

"నేను ఒప్పుకోకుంటే?"

"రాదు బాపు. ఫీల్డ్‌మన్‌కు దరఖాస్తు పెడత. మాటిచ్చిన గదా."

ఎర్రయ్య ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఏడాది కిందట ఆయన కోరుకున్నదంతా ఒక్క 'కాదు' అనే మాటలో ఉంది. పది తోటల్లో వేట లేదంటే ముఠాలో ఎందరు మిగులుతారో ఆయనకు తెలుసు. దేవదాస్ అడగలేదు, బతిమాలలేదు. 

"ఏమే, సిరా లేదా ఇంట్ల?"

సిరా లేదు. శారమ్మ రొట్టెలు కాల్చే పెంక బోర్లించి తెచ్చింది. దాని అడుగు మసిలో ఎర్రయ్య బొటనవేలు అద్ది కాగితం మీద ఒత్తాడు. నల్లటి మచ్చ పడింది గానీ గీతలేవీ పడలేదు. మళ్లీ ఒత్తాడు. మళ్లీ మచ్చే. దేవదాస్ తండ్రి చెయ్యి పట్టుకొని వెలుగులోకి తిప్పి చూశాడు. కుర్రతనం నుంచి ఏళ్ల తరబడి కత్తి పట్టి చెరుకు కొట్టిన వేలది. అందులో గీతలు అరిగిపోయాయి. పిల్లి పాదం గుర్తు చూసి అది ఏ పిల్లిదో చెప్పగల దేవదాస్ తన తండ్రి వేలును అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. 

"ఏం సూస్తున్నవురా? ఎడమ చెయ్యి పట్టు, అది కత్తి పట్టలే" అన్నాడు ఎర్రయ్య.

నవంబరులో సీజన్ మొదలైంది. పోశయ్య వేరే ముఠా కట్టాడు, సగం మంది అటు పోయారు. ఎర్రయ్య వెంట పదకొండు కత్తులే వచ్చాయి. పన్నెండోది పదిహేనేళ్ల తరువాత ఎర్రయ్యే పట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి, నడుము పట్టేసింది, ఎవరు తప్పు కొడుతున్నారో చెప్పే తీరిక లేకపోయింది. మొదటి తోటలో పొద్దు వాలేసరికి ఆఖరి నాలుగు సాళ్లు మిగిలాయి. ఆయన అందరికంటే ముందు కత్తి దించి, "ఇంటికి నడువుండ్రి, మిగిలింది రేపు" అన్నాడు.